వ్యక్తిగత కారణాల దృష్ట్యా

మా దేశంలో ఉద్యోగం మానేసే ప్రతి మనిషీ ఒకే వాక్యం రాస్తాడు. మేనేజరుతో కొట్లాడి మానేసినవాడూ అదే రాస్తాడు, కడుపుతో ఉండి మానేసిన అమ్మాయీ అదే రాస్తుంది, జీతాలు అందక విసిగిపోయి మానేసినవాడూ అదే. "వ్యక్తిగత కారణాల దృష్ట్యా రాజీనామా చేస్తున్నాను." అంతే. అసలు కారణం రాయడం మర్యాద కాదు. కొన్ని కంపెనీల్లో ఈ వాక్యం ముందే అచ్చు వేసి ఉంచుతారు, కింద సంతకం పెట్టడమే మన పని. నేను బస్సు డ్రైవర్ని. ఇంతవరకు రెండు కంపెనీలు మారాను, రెండుసార్లూ అదే రాశాను. నేను ఎందుకు మానేశానో వాళ్లకు ఈరోజుకీ తెలియదు, వాళ్లు అడగనూ లేదు.

మా ఆవిడ ఉన్‌రే కూడా అదే రాసింది. భోజనాల బల్ల శుభ్రంగా తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, పెళ్లి శుభలేఖ రాస్తున్నంత శ్రద్ధగా రాసింది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. ఫ్యాక్టరీ దూరం వెళ్లిపోయిందని రాయొచ్చుగా అన్నాను. సిగ్గు లేదా మీకు, ఆయన మొహాన కొట్టినట్టు ఉండదూ అని నన్నే కసిరింది.

ఆయనంటే మో గారు, ఆ ఫ్యాక్టరీ ఓనరు. మా యోంగ్డో దీవిలో రేవు పక్కనే ఉండేది ఆ ఫ్యాక్టరీ. చేపముద్దను పలచగా ఒత్తి నూనెలో వేయించి ఓముక్ చేస్తారు, మా బుసాన్ నగరంలో అది తినని వాళ్లుండరు. మా అమ్మాయి బడికి వెళ్లడం మొదలెట్టిన ఏడాది ఉన్‌రే అక్కడ చేరింది. కొన్నాళ్లకే వేపుడు లైనుకు మేస్త్రి అయింది. అప్పటినుంచి అందరికీ ఆమె మేస్త్రమ్మే, మో గారికి కూడా. ఆయన మంచివాడు, ఆ మాట చెప్పక తప్పదు. మా అత్తగారు పోయినప్పుడు మాతో పాటే చావింట్లో కూర్చుని, వచ్చినవాళ్లకు వడ్డించి, చివరిరోజు శవపేటికకు భుజం పట్టాడు. సొంత బావమరుదులే అంత చెయ్యలేదు.

పోయిన ఏడాది ఆ స్థలంలో అపార్టుమెంట్లు లేస్తాయని ఊరంతా పుకారు పుట్టింది. తర్వాత ఒకరోజు ఫ్యాక్టరీ గేటుకు కాగితం అంటించారు. "సంస్థ అవసరాల రీత్యా ఫ్యాక్టరీని మిర్యాంగ్‌కు తరలిస్తున్నాము." మిర్యాంగ్ అంటే రైలెక్కి పోవాల్సిన ఊరు. ఏం అవసరాలో, ఎవరి అవసరాలో అందులో లేదు. ఎవరూ అడగనూ లేదు, అడగడం బాగుండదు కదా. దీవిలో ఉన్న ఆడవాళ్లు చాలామంది అప్పుడే మానేశారు. ఉన్‌రే మాత్రం వెళ్తానంది. చలికాలమంతా వెళ్లింది. నేను లేచేసరికి బువ్వ వండిపెట్టి వెళ్లిపోయేది, నేను డ్యూటీ దిగి వచ్చాక ఎప్పటికో వచ్చేది. ఒకరోజు సూపు గిన్నె ముందు కూర్చుని చెంచా పట్టుకునే నిద్రపోయింది. ఆ చెంచా నేనే తీసి పక్కన పెట్టాను. మర్నాడు తనే అంది, ఇక నా వల్ల కాదండీ అని.

రాజీనామా ఇచ్చినప్పుడు మో గారు ఎందుకని అడిగాడట. మోకాళ్లు నొప్పులండీ, కాస్త విశ్రాంతి కావాలి అని చెప్పి వచ్చింది. మా ఇల్లు కొండమీద ఉంది, మెట్ల దారి. ఆ మెట్ల మీద బియ్యం బస్తా ఎత్తుకుని నాకంటే ముందు ఇంటికి చేరే మనిషి ఆమె. ఆ మోకాళ్లకు నొప్పులట!

సరే, మానేసింది. నిరుద్యోగ భృతి వస్తుంది, అది వచ్చినన్నాళ్లలో మన దీవిలోనే దగ్గర్లో ఏదైనా పని చూసుకోవచ్చు అనుకున్నాం. అది రాకపోతే ఏం చెయ్యాలో కూడా అప్పుడే తేలిపోయింది. ఉన్‌రేకు పెద్దమ్మ కూతురు ఒకామె ఉంది, మల్‌జా. గోజేలో చేపల హోటలు నడుపుతుంది. మనిషి కావాలి రమ్మని ఎప్పటినుంచో ప్రాణం తీస్తోంది. కానీ అక్కడే ఉండిపోవాలి, వారానికి ఒక్కరోజు ఇంటికి రావొచ్చు. నా జీతం ఇంటి అప్పుకే సరిపోతుంది కాబట్టి, భృతి రాకపోతే ఉన్‌రే గోజే వెళ్లక తప్పదు. ఈ వయసులో నేను ఒంటరిగా ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడుకోవాలి. నాకు అది ఎంతమాత్రం ఇష్టం లేదు. ఇష్టం లేదని ఆమెతో చెప్పలేదు, అది వేరే సంగతి. మా బుసాన్ మగాళ్లకు ఇంటికొచ్చాక మూడే మాటలు వస్తాయని మిగతా దేశమంతా ఎక్కిరిస్తుంది. అన్నం పెట్టు, పిల్లలేరీ, పడుకుందాం. నాకు ఆ మూడూ వచ్చు.

ఉపాధి కార్యాలయానికి ఇద్దరం వెళ్లాం. కౌంటర్లో ఉన్న అమ్మాయికి మా అమ్మాయి వయసే ఉంటుంది. మర్యాదస్తురాలు. కంప్యూటరు చూసి, కాగితాలు చూసి, మా ఆవిడ వైపు తిరిగింది.

"అమ్మా, మీ అంతట మీరే మానేశారా?"

"అవునమ్మా."

"ఎవరైనా మానెయ్యమని అన్నారా? వేధించారా?"

"అయ్యో, అదేం మాట! మా ఓనరు గారు దేవుడు."

"జీతం సరిగ్గా ఇచ్చేవారా?"

"పండక్కి పైన కూడా ఇచ్చేవారు."

"పోనీ ఆరోగ్యం ఏమైనా?"

"గుండ్రాయిలా ఉన్నాను తల్లీ, నాకేం."

ఆ పిల్ల పాపం తలుపులన్నీ ఒక్కొక్కటే తెరిచి పెడుతుంటే, ఈవిడ మర్యాదగా ఒక్కొక్కటే మూసుకుంటూ పోతోంది. చివరికి ఆ అమ్మాయి కలం కింద పెట్టి, మరి ఎందుకు మానేశారమ్మా అని అడిగింది. ఉన్‌రే చేతిసంచీ ఒళ్లో సర్దుకుని, ఏదోలేమ్మా, సొంత పనులు అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. సొంత పనులా, ఏం పనులే నీకు, ఫ్యాక్టరీని మిర్యాంగ్ పట్టుకుపోతే ఎలా వెళ్తావే అని అక్కడే అరిచాను. క్యూలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఉన్‌రే నా తొడ మీద గిల్లింది. కౌంటర్లో అమ్మాయి మాత్రం ముందుకు వంగింది.

ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. తమంతట తాము మానేసినవాళ్లకు భృతి రాదు. కానీ మానక తప్పని పరిస్థితి అయితే వస్తుంది. పనిచేసే చోటు దూరం తరలిపోయి, మామూలుగా అందరూ ఎక్కే బస్సుల్లో రైళ్లలో పోయి రావడానికి మూడు గంటలు, ఆపైన పడుతుంటే, అది మానక తప్పని పరిస్థితే. రాజీనామాలో వ్యక్తిగత కారణాలు అని రాసినంత మాత్రాన పోయిందేమీ లేదు, అందరూ రాసేది అదే. తాము చూసేది అసలు కారణం. చిక్కల్లా ఏమిటంటే, కంపెనీ కూడా ఈ ఆఫీసుకు అదే పంపింది: ఉద్యోగి స్వయంగా, వ్యక్తిగత కారణాలతో మానేసింది అని. దాన్ని వాళ్లు సరిచేసి, తరలింపు వల్లే మానేసిందని పంపిస్తే పని అవుతుంది.

"ఓనరు గారు మంచివారంటున్నారుగా. ఒక్కమాట అడగండమ్మా," అంది.

"సరిచేస్తే ఆయనకేమైనా ఇబ్బందా?" అని అడిగింది ఉన్‌రే.

తప్పు వివరాలు పంపారని చిన్న జరిమానా పడితే పడొచ్చు, అన్నిసార్లూ పడదు అని ఆ అమ్మాయి నిజం చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది. మా ఆవిడ మొహం అక్కడితో ముడుచుకుపోయింది.

ఇంటికొచ్చాక గొడవ పడ్డాం. అడగను అంటుంది. నేను అడుగుతానంటే వద్దంటుంది. ఇన్నేళ్లు అన్నం పెట్టిన మనిషి దగ్గరికి వెళ్లి, మీరు నన్ను రోడ్డున పడేశారని రాసివ్వండి, పైగా జరిమానా కూడా కట్టండి అని ఏ మొహంతో అడగను అంటుంది. రోడ్డున పడేసినమాట నిజమే కదే అన్నాను. నిజమైతే మాత్రం, అన్నీ మొహాన అనేస్తామా అంది. ఈ మనుషుల మొహమాటంతో నేను చచ్చిపోతాను. ముప్పయ్యేళ్లు పైబడింది కాపురం చేసి, ఆవిడ నాతో ఎప్పుడూ మొహమాటపడింది లేదు. తిట్టాలనుకుంటే తిట్టింది. ఊళ్లోవాళ్ల దగ్గరే ఈ మర్యాదలన్నీ.

ఆ వారమే మల్‌జా ఫోన్ చేసింది. ఒకటో తారీఖు నుంచి వచ్చేస్తావా అంటే, ఉన్‌రే వస్తానక్కా అంది. మర్నాటి నుంచి నాకు పాఠాలు మొదలయ్యాయి. బట్టల మిషను ఏ మీట నొక్కాలో చూపించింది. కిమ్చి పచ్చడి ఫ్రిజ్జులో ఏ డబ్బా ముందు తెరవాలో, ఏది ఇంకా పులవలేదో చెప్పింది. సూపు కాచడం నేర్పింది. నేను కాచిన సూపు రుచి చూసి, సముద్రం బాగుంది, ఇందులో చేప ఏదీ అంది. నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. ఆ మూల అటక మీద నుంచి దించిన సంచీ కనిపిస్తూనే ఉంది.

నాకు బుధవారం సెలవు. ఆ రోజు ఆమెకు చెప్పకుండా మిర్యాంగ్ బయల్దేరాను. స్నేహితుడితో చేపలు పట్టడానికి పోతున్నానని అబద్ధమాడి, గాలం కర్ర కూడా చంకన పెట్టుకున్నాను. ఆమె ఎలా వెళ్లేదో అలాగే వెళ్దామనుకుని అదే వేళకు బయల్దేరాను. కొండ దిగి బస్సు ఎక్కి, వంతెన దాటి స్టేషన్‌లో దిగి, రైలెక్కి, మిర్యాంగ్‌లో దిగాను. అక్కణ్ణుంచి ఫ్యాక్టరీలున్న వైపు పల్లె బస్సు పోతుంది. నేను మెట్లు దిగేసరికి అది కదిలింది. చెయ్యి ఊపుకుంటూ, గాలం కర్ర పట్టుకుని పరిగెత్తాను. ఆ డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు. చూసి కూడా పోయాడు. నేను ఆ పని ఎన్నిసార్లు చేసి ఉంటానో! నిలబడి వాణ్ణి తిట్టాలో నన్ను తిట్టుకోవాలో తెలియలేదు.

తర్వాతి బస్సు గంట దాకా లేదు. బెంచీ మీద ముల్లంగి మూటతో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎక్కడికి, ఎవరింటికి అని కూపీ లాగి, ఓముక్ ఫ్యాక్టరీ అనేసరికి గుర్తుపట్టినట్టు తలూపింది.

"చలికాలం ఒకామె వచ్చేది, బుసాన్ నుంచి. వేపుడు వాసనొచ్చేది పాపం. ఇదిగో ఈ బెంచీ మీదే కూర్చుని కునికేది. బస్సొస్తే మేమే తట్టి లేపేవాళ్లం. ఇప్పుడు రావట్లేదు, ఏమైందో."

ఆమె మా ఆవిడే అని చెప్పలేకపోయాను. రోజూ ఈ బెంచీ మీద కూర్చుని, ఊరూ పేరూ తెలియని ముసలమ్మ తట్టి లేపితే లేచి పనికి పోయింది నా పెళ్లాం. ఇంటికొచ్చి బాగానే ఉందండీ అనేది. బాగానే ఉంది కాబోలు అని నేను టీవీ చూసుకున్నాను. నాకు చాలా బాధేసింది.

కొత్త ఫ్యాక్టరీ పెద్దది. తెల్లగా, ఆస్పత్రిలా ఉంది. లోపల పనిచేసేవాళ్లలో చాలామంది నేపాల్, వియత్నాం పిల్లలు. మో గారు నన్ను చూసి ముందు గాలం కర్ర చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. మాట్లాడకుండా ఆఫీసులోకి తీసుకెళ్లి వేడి ఓముక్ పులుసు కప్పులో పోసిచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. నేను ఎలా మొదలెట్టాలో తెలియక వాతావరణం గురించి మాట్లాడాను. ఆయనే అడిగాడు.

"మేస్త్రమ్మ మోకాళ్లెలా ఉన్నాయి?"

అడిగిన తీరు నాకు నచ్చలేదు. వెటకారంగా ఉంది. బాగానే ఉన్నాయన్నాను. ఉంటాయిలే అన్నాడు. కాసేపు పులుసు చప్పరించి కప్పు కింద పెట్టాడు.

"చున్‌సిక్, నాకు చెప్పకూడని కారణం ఏముందయ్యా ఆమెకు? ఇన్నేళ్లు నా పక్కన నిలబడింది. ఇక్కడికొచ్చి, తలా తోకా తెలియని పిల్లల్ని పెట్టుకుని, నాకు ఆమె అవసరం పడ్డ రోజున కాగితం చేతిలో పెట్టి పోయింది. ఏమిటయ్యా అంటే, వ్యక్తిగత కారణాలు! బయటివాళ్లు రాసిచ్చినట్టు రాసిచ్చింది. నేనేం తప్పు చేశాను? కొత్త మిషన్లు ఆమెను అడక్కుండా కొన్నాననా? వేరే కంపెనీ వాళ్లెవరైనా ఎక్కువిస్తామన్నారా?"

ఈ పెద్దమనిషి వసంతకాలమంతా అలిగి కూర్చున్నాడు! అక్కడ మా ఆవిడ ఆయన మనసు నొచ్చుకుంటుందని నోరు నొక్కుకుంటే, ఇక్కడ ఆ మర్యాదకే ఈయన మనసు నొచ్చుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకు చేతనైంది ఒకటే, ఉన్నదున్నట్టు మోటుగా చెప్పడం. పొద్దున నేనొచ్చిన దారంతా చెప్పాను. పల్లె బస్సు తప్పిపోయింది చెప్పాను. ముసలమ్మ చెప్పింది చెప్పాను. చెంచా పట్టుకుని నిద్రపోయింది చెప్పాను. మోకాళ్లకేమీ లేదని కూడా చెప్పాను.

ఆయన కోపం తెచ్చుకున్నాడు. ఆ ముక్క నాతో ఒక్కసారి అంటే ఏం పోయింది, బండి ఏర్పాటు చెయ్యనా, ఇక్కడే గది చూడనా అన్నాడు. నాకూ కోపమొచ్చింది.

"మీరు చెప్పారా? గేటుకు ఏం అంటించారు మీరు? సంస్థ అవసరాలు అన్నారు. మీరు ఎందుకు వెళ్తున్నారో మేస్త్రమ్మకైనా చెప్పారా?"

చివరికి బయటపెట్టాడు. ఆ స్థలం ఆయనది కాదట, అద్దెదట. స్థలం వాళ్లు ఖాళీ చెయ్యమన్నారు. ఇన్నేళ్ల ఓనరు ఒక్క కాగితంతో ఖాళీ చెయ్యాల్సి వచ్చిందని పనివాళ్లకు చెప్పుకోవడం సిగ్గనిపించిందట. అదీ సంగతి. ఇద్దరూ ఇద్దరే. ఒకళ్లనొకళ్లు గౌరవించుకునీ గౌరవించుకునీ ఇల్లు తగలబెట్టుకున్నారు.

అప్పుడు అసలు విషయం అడిగాను. ఒకటో తారీఖుకు గోజే వెళ్లిపోతుంది, మీరు కాగితం సరిచేస్తే వెళ్లక్కర్లేదు అన్నాను. లెక్కలు చూసే ఆవిడను పిలిచాడు. ఆవిడ జరిమానా సంగతి ఎత్తింది. పడనీ అన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. కానీ లేచి నిలబడుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నేను చేసేస్తాను. కానీ నీ మాట మీద కాదు. అదే మాట ఆమె నోటితో వినాలి నేను. ఆమె నాతో అనకుండా నేను కాగితం పంపను," అన్నాడు.

ఇదెక్కడి మొండిపట్టురా అనుకున్నాను. మా ఆవిడ చచ్చినా అనదు. ఆ సంగతి నాకు తెలుసు.

గాలం కర్రతో, చేపలేవీ లేకుండా ఇంటికొచ్చాను. ఉన్‌రే నా వైపు చూసి, మీరు పట్టిన చేపలు ఓముక్ వాసన వస్తున్నాయే అంది. దొరికిపోయాను. మొత్తం చెప్పేశాను. ఆ రోజూ మర్నాడూ నాతో మాట్లాడలేదు. సంచీలో బట్టలు మాత్రం ముందుకంటే గట్టిగా కుక్కింది.

ఆదివారం మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. చూస్తే మో గారు. చేతిలో బేరిపళ్ల పెట్టె, మొహమంతా చెమట. కారేదని అడిగాను. రైల్లో వచ్చాను, ఆ పల్లె బస్సు నాకూ తప్పిపోయింది అన్నాడు. మిర్యాంగ్ నుంచి మా మెట్లదాకా అంతా ఆమె వచ్చిన దారినే వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, గుమ్మం పట్టుకుని ఊపిరి పీల్చుకుంటున్నాడు.

ఉన్‌రే వంటింట్లోంచి వచ్చి, ఆయన్ని చూసి మళ్లీ లోపలికి పరిగెత్తి, జుట్టు సర్దుకుని వచ్చింది. బార్లీ నీళ్లు తెచ్చింది. ఆయన తెచ్చిన పళ్లే కోసి ఆయన ముందు పెట్టింది. ఇద్దరూ వంగి దండాలు పెట్టుకున్నారు. ఎండల గురించి మాట్లాడుకున్నారు. చేపల ధర గురించి మాట్లాడుకున్నారు. మా అమ్మాయి పిల్లల గురించి అడిగాడు, ఆయన కొడుకు గురించి ఈమె అడిగింది. నేను పక్కన కూర్చుని పళ్లు తింటున్నాను. ఇలాగే సాయంత్రం అయిపోయేలా ఉంది, లేచి ఇద్దరికీ చెరొకటి పీకుదామా అనిపించింది.

చివరికి ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"మేస్త్రమ్మా, ఎందుకు మానేశారు?"

"చెప్పాను కదండీ, మోకాళ్లు…"

"మోకాళ్లు కాదు."

ఉన్‌రే తలొంచుకుంది. బల్ల మీద లేని మరకను వేలితో రుద్దుతోంది. నేను నోరు తెరవబోతే ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. కింద రేవులో ఏదో పడవ కూత వేసింది.

"నాకు మానెయ్యాలని లేదండీ," అంది ఉన్‌రే. గొంతు చిన్నగా వచ్చింది. ఆ తర్వాత పెరిగింది. "నా కాళ్లు బాగానే ఉన్నాయి. నా చేతులు బాగానే ఉన్నాయి. ఇంకో పదేళ్లు వేయించేదాన్ని. మీరే అంత దూరం పట్టుకుపోయారు. రోజూ వచ్చాను. ఎంత వచ్చినా అందలేదండీ. అది నాది కూడా అనుకున్నాను. నాకో మాట చెప్పకుండా గేటుకు కాగితం అంటించి పట్టుకుపోయారు."

అనేసి భయపడిపోయింది. చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. మో గారు కాళ్లు సర్దుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. మా ఇంట్లో, నా ముందు, ఆ పెద్దాయన మా ఆవిడకు నేలదాకా తలవంచాడు.

"మీరు మానలేదు మేస్త్రమ్మా. మేమే మిమ్మల్ని మానేశాం. తప్పు నాది. ఆ ఆఫీసు వాళ్లకు కూడా అదే చెప్తాను," అన్నాడు.

ఉన్‌రే ఏడ్చింది. నేను ఆమె తల్లి చనిపోయినప్పుడు చూశాను ఆ ఏడుపు, మళ్లీ ఇప్పుడే. ఆయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఏం కాలేదు. బేరిపండు గొంతుకు అడ్డం పడింది, అంతే.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. ఆయన సోమవారమే కాగితం సరిచేసి పంపాడు. జరిమానా పడిందో లేదో ఆయన చెప్పలేదు, ఈసారి మేం అడిగాం, అయినా చెప్పలేదు. మళ్లీ ఉపాధి కార్యాలయానికి వెళ్తే అదే అమ్మాయి ఉంది. దారి ఎంతసేపు పడుతుందో కంప్యూటర్లో చూసి, మూడు గంటలు ఎప్పుడో దాటిపోయిందమ్మా అంది. ఎందుకు మానేశారు అని మళ్లీ అడగాలి, నియమం అది, ఏమనుకోవద్దు అంది. ఈసారి ఉన్‌రే సంచీ సర్దుకోలేదు. ఆ పిల్ల కళ్లలోకి చూసి, ఫ్యాక్టరీ అందనంత దూరం వెళ్లిపోయిందమ్మా, అందుకే, అని గట్టిగా చెప్పింది. ఆ అమ్మాయి నవ్వుతూ కంప్యూటర్లో ఎక్కించుకుంది. భృతి మంజూరైంది. పని వెతుక్కుంటున్నట్టు చూపించడానికి మధ్యమధ్యలో వచ్చి కనబడాలంది. కనబడకేం, మా దీవి బడిలో పిల్లలకు వండే వంటింట్లో మనిషి కావాలని అప్పుడే కనుక్కుని వచ్చింది ఈవిడ.

ఇంటికొచ్చాక ఒకటే పని మిగిలింది. మల్‌జాకు రానని చెప్పాలి. ఆ మల్‌జా నోరు మంచిది కాదు. నేను ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్తాలే, నీకు ఒంట్లో బాగాలేదంటాను అన్నాను. వద్దు, నేనే చేస్తాను అని ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతున్నట్టు నిలబడ్డాను.

మల్‌జా అరుపులు నాదాకా వినిపించాయి. రమ్మంటే వస్తానని ఇప్పుడు ఇదేమిటి, గది కూడా ఊడ్పించి పెట్టాను, ఇంతకీ ఎందుకు రావు, కారణమేమిటి అని అడుగుతోంది. ఉన్‌రే అంతా విన్నది. ఆమె ఊరుకున్నాక నెమ్మదిగా చెప్పింది.

"మా ఆయన్ని వదిలి ఉండటం నాకిష్టం లేదక్కా."

నేను ఒక చెప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆమె నోట నేను వినలేదు. ఆమె ఫోన్ పెట్టేసి ఇటు తిరిగింది. నేను విన్నానని ఆమెకు అర్థమైంది.

"నాకూ అంతే," అన్నాను.